కొన్న ధర, నిలుపుకొనే ధర

ఏనుగును కొని అంకుశమునకు వెనుకాడినట్లని సామెత. వర్తకులకు దీని అర్థము విప్పి చెప్పనక్కరలేదు. అయినను వాహనముల విషయములో కొన్న ధర ఒక్కటే లెక్కకు వస్తుంది. నిలుపుకొనుటకయ్యే ఖర్చు ఏ పద్దులోను ముందుగా కనపడదు.

సాలూరు నుండి సుంకి మీదుగా కోరాపుట్‌కు ఎక్కే ఘాటు రోడ్డు, రాయగడ కొండదారులు ఎరిగినవారికి లారీ ఖర్చు తెలుసు. అరిగిన టైరు, కాలిన క్లచ్చి, బ్రేకు లైనింగు అన్నీ కిరాయిలో తిరిగి వస్తాయి. పట్నాలలో చదివి వచ్చిన పిల్లలు ముచ్చటపడే స్పోర్ట్స్ కారు సంగతి అట్లు కాదు. దాని విడిభాగములు చాలావరకు సుంకము చెల్లించి విదేశముల నుండి తెప్పించుకోవలసినవే. పెద్ద మరమ్మతు వస్తే బండిని మరొక బండిమీద ఎక్కించి మహానగరమునకు పంపాలి. పరుగుకని కొన్నది మోయించుకొని పోవుట చూడవలసిన వేడుకే!

1984లో వెలువడిన ఫెరారీ టెస్టరోస్సాకు టైమింగు బెల్టు మార్చవలెనంటే ఇంజనునే క్రిందికి దించాలి. బెల్టు చిన్నది, కూలి పెద్దది. అదియు బండి తిరిగినా తిరగకున్నా ఏండ్లు గడిస్తే మార్చవలసిందే. రబ్బరు కూర్చున్నచోటనే పాతబడుతుంది. తెగినదా, వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజను పాడవుతుంది. 2001లో పోర్షే 911 జీటీ2కు కార్బన్ సిరామిక్ బ్రేకు డిస్కులు బిగించారు. అటువంటి డిస్కుల ధర ఇనుప డిస్కులకు అనేక రెట్లు.

ఎవరి సొమ్ము వారిది, మెకానిక్కుకు కూలి దొరుకుతున్నది గదా అనవచ్చు. ఆ మాటలో నిజము లేకపోలేదు. చిక్కంతా కొనగలిగి నిలుపలేనివానితోనే. అతడు ఈ ఏడు కాదు, వచ్చే ఏడు చూద్దామంటాడు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మార్చకుండ వదిలితే ఘాటు దిగేటప్పుడు వేడికి మరిగి, పెడలు నేలకు దిగిపోయినా బండి ఆగదు. ఆ దారిన సంతకు బుట్టలు మోసుకొనిపోయే ఆడవారు, మేకల వెంట పిల్లలు నడుస్తుంటారు. అడుగు ముందు నేల చూచి నడువమనే ఈర్యాసమితి మునులకు చెప్పినది. గృహస్థునికి అంత నియమము లేకున్నా, తన చక్రము క్రిందికి ఏది వస్తుందో చూడవలసిన పూచీ లేదనగలమా?

పరిగ్రహ పరిమాణ వ్రతము పట్టినవారు ఇల్లు, పొలము, బంగారము ఇంతకు మించరాదని హద్దు వేసుకుంటారు. ఆ హద్దు వస్తువుల సంఖ్యకో, ధరకో వేసినది. వస్తువు ఏటేటా తిరిగి అడిగేదానికి హద్దేది? ఉమాస్వాతి తత్త్వార్థసూత్రములో మనస్సులోని మమకారమునే పరిగ్రహముగా ఎంచినాడు. బట్ట కప్పి షెడ్డులో ఉంచిన కారు ఏమియు చేయదు గాని, యజమాని మనస్సు దాని బెల్టుమీదనో టైర్లమీదనో ఉంటుంది.

కొనేముందు ధర ప్రక్కనే టైర్లు, బ్రేకులు, రవాణా, ఇన్సూరెన్సు కలిపి ఏడాది ఖర్చు వేసి చూచుకోవచ్చు. ఆ రెండవ అంకె చూచిన తరువాత కూడ కొనేవారు కొందరుంటారు. వారి బండికి బ్రేకులయినా సరిగా ఉంటాయి.