వైఫైలో పొరుగువాని హక్కు

ఉప్పు, నిప్పు, నీళ్ళు అడిగినవారికి లేదనకూడదని మన పల్లెల్లో పెద్దలు చెబుతుంటారు. దివ్య ఖుర్ఆన్‌లో 'మాఊన్' అనే సూరా ఉంది. ఇరుగుపొరుగు అడిగి తీసుకువెళ్ళే గొడ్డలి, కుండ, చేద వంటివే మాఊన్ అని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) వివరించారు. అలాంటి చిన్న వస్తువులు ఇవ్వటానికి చేతులు రానివారిని ఆ సూరా, నమాజు పట్ల అశ్రద్ధ చూపేవారితో కలిపి హెచ్చరించింది.

నేడు ఆ అడిగి తీసుకునేవాటిలో ఒక కొత్త వస్తువు చేరింది. ఒక ఇంట్లో ఇంటర్నెట్ కనెక్షన్ ఉంటుంది. పక్కింటి అమ్మాయి స్కాలర్‌షిప్ దరఖాస్తు పెట్టుకోవాలి. ఎదురింటి వృద్ధురాలు పరదేశంలో ఉన్న కొడుకు ముఖం చూడాలి. "పాస్‌వర్డ్ కాస్త చెప్పండి భాయ్" అని అడుగుతారు. చెబితే అది పుణ్యకార్యమా? లేక కంపెనీతో చేసుకున్న ఒప్పందాన్ని ఉల్లంఘించటమా?

దీనికి తొందరపడి రెండు జవాబులు చెబుతారు. "డబ్బు కట్టింది నేను, నా ఇష్టం" అనేది ఒకటి. "మంచిపనికి షరతులు అడ్డురావు" అనేది రెండవది. రెండూ సరికావు.

ముందుగా మనం కొన్నదేమిటో చూద్దాం. బావి తవ్వుకున్నవాడు బావికి యజమాని. మిగులు నీటిని ఇతరులకు దక్కకుండా ఆపరాదని దైవప్రవక్త (సఅసం) వారించారు. వాడినా మళ్ళీ ఊరే నీరు అది. ఇంటర్నెట్ విషయంలో మనం తీగకు గాని, దాని వెనుకనున్న వ్యవస్థకు గాని యజమానులం కాము. నెలకింత చెల్లించి ఒక ప్రయోజనాన్ని మాత్రమే పొందుతున్నాము. ఫిఖహ్ పరిభాషలో ఇది కొనుగోలు కన్నా 'ఇజారా'కు, అంటే అద్దెకు దగ్గర. అద్దె ఇంట్లో అతిథికి అన్నం పెట్టవచ్చు, రాత్రికి పడక ఇవ్వవచ్చు. కాని యజమాని వద్దని షరతు పెట్టి ఉంటే, ఆ ఇంటి గదులను మరొకరికి అద్దెకు ఇవ్వలేము. ముస్లిములు తాము ఒప్పుకున్న షరతులకు కట్టుబడి ఉండాలన్నది హదీసు బోధన.

కనుక ఒప్పందంలో ఏముందో తెలుసుకోవటం మొదటి బాధ్యత. ఇంటికి వచ్చినవారు వాడుకుంటే సాధారణంగా ఎవరికీ అభ్యంతరం ఉండదు. నాలుగిళ్ళకు సిగ్నల్ అందించి నెలనెలా డబ్బు వసూలు చేయటం వేరు. అది సహాయం కాదు, వ్యాపారం. మన దేశంలో ఇంటర్నెట్ సేవను అమ్మటానికి లైసెన్సు కావాలి. అయితే దీనికి సక్రమమైన దారి కూడా ఉంది. 2020 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన పి.ఎం.-వాణి పథకం కింద కిరాణా కొట్టువాడు, టీ దుకాణదారుడు కూడా లైసెన్సు లేకుండానే ప్రజలకు వైఫై అందించవచ్చు.

"సరే, ఏ కంపెనీ తొంగిచూడని మారుమూల ఊరి సంగతేమిటి?" అని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. పశ్చిమ నేపాల్‌లోని మ్యాగ్దీ జిల్లాలో నాంగీ అనే కొండ గ్రామం ఉంది. అక్కడి ఉపాధ్యాయుడు మహావీర్ పున్, విదేశీ స్వచ్ఛంద సేవకుల సహాయంతో చెట్ల మీద యాంటెన్నాలు కట్టి, దూరాన ఉన్న పోఖరా పట్టణం నుంచి కొండల మీదుగా వైర్‌లెస్ ద్వారా ఇంటర్నెట్ తెచ్చారు. ఒక ఊరి నుంచి మరో ఊరికి అది విస్తరించింది. గ్రామస్థులు పట్టణంలోని వైద్యులను సంప్రదించగలిగారు. 2007లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు లభించింది. అంతర్యుద్ధం సాగుతున్న ఆ కాలంలో అలాంటి పరికరాలపై ఆంక్షలు ఉన్నందున కొన్నింటిని చాటుగానే తెచ్చుకోవలసి వచ్చింది. ఆ తరువాత నిబంధనలు సడలాయి. అగత్యం కొన్ని నిషేధాలను సడలిస్తుంది గాని, అగత్యం ఉన్నంత మేరకే అని ఫుఖహా చెబుతారు. వైద్యుడే అందని కొండ ఊరి అగత్యం వేరు, నెలకు మూడు వందలు మిగుల్చుకోవాలన్న ఆశ వేరు.

ఈ సందర్భంగా ఇమామ్ మాలిక్ (రహ్మలై) 'ముఅత్తా'లో ఉన్న ఒక వివాదాన్ని గుర్తు చేసుకుందాం. జహ్హాక్ బిన్ ఖలీఫా తన పొలానికి కాలువ తెచ్చుకోవాలనుకున్నారు. దారిలో ముహమ్మద్ బిన్ మస్లమా (రజి) నేల ఉంది. ఆయన ఒప్పుకోలేదు. వివాదం హజ్రత్ ఉమర్ (రజి) వద్దకు వెళ్ళింది. నీకూ లాభించే, నీకు నష్టం చేయని పనికి నీ సోదరుణ్ణి ఎందుకు అడ్డుకుంటావని మందలించి, ఆయన కాలువకు అనుమతి ఇప్పించారు. ఇందులో రెండు పాఠాలున్నాయి. నష్టం లేనప్పుడు మొండికేయటం తగదు. అలాగే జహ్హాక్ కూడా రాత్రివేళ దొంగచాటుగా కాలువ తవ్వుకోలేదు, అడగవలసిన చోట అడిగారు. మనమూ కంపెనీవారిని, కేబుల్ ఆపరేటరును అడగవచ్చు. నాలుగు కుటుంబాలు కలిసి తీసుకునే కనెక్షన్ ఇస్తారా అని ముందే తేల్చుకోవచ్చు.

మరొక సంగతి: పాస్‌వర్డ్ ఒక అమానతు. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్ళ సమయంలో పంపిన ఒక ఈ-మెయిల్, నవీ ముంబైలో భద్రత లేని ఒక వైఫై ద్వారా వెళ్ళింది. ఆ ఇంటివాసి పోలీసు విచారణను ఎదుర్కోవలసి వచ్చింది. కనుక తెలిసినవారికే ఇవ్వాలి, తీసుకున్నవారు మూడవవారికి చెప్పరాదు. ఇచ్చాము కదా అని వారేం చూస్తున్నారో ఆరా తీయటమూ తగదు. దివ్య ఖుర్ఆన్ కూపీలు లాగవద్దని ఆదేశించింది.

పంచుకుంటే వేగం తగ్గుతుందనే బాధ కొందరిది. కూర వండినప్పుడు పులుసులో నీళ్ళు కాస్త ఎక్కువ పోసి పొరుగువారిని చూసుకోమని దైవప్రవక్త (సఅసం) హజ్రత్ అబూజర్ (రజి)కు బోధించారు. నీళ్ళు పోస్తే పులుసు పలచబడుతుందన్న సంగతి ఆయనకు తెలియనిది కాదు. మన వాటాలో కాస్త తగ్గించుకుని ఇవ్వటమే పంచుకోవటం. కాని మన పులుసునే పంచాలి, ఇతరుల కుండలోది కాదు.

ఒప్పందం ప్రకారం పాస్‌వర్డ్ ఇవ్వటం కుదరకపోయినా తలుపు మూసుకోవలసిన పని లేదు. ఆ అమ్మాయిని, తల్లితో సహా, మన ఇంటి వరండాలో కూర్చోబెట్టి దరఖాస్తు నింపించవచ్చు. ఆ వృద్ధురాలికి మన ఫోనులోనే కొడుకును చూపించవచ్చు. షరతు నిలుస్తుంది, పొరుగువాని హక్కూ నెరవేరుతుంది. ఈ రెంటినీ నిలబెట్టుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.