ఓర్పుని పొగిడి చేతులు దులుపుకుందామా?

2021 ఆగస్టులో కాబూల్ మళ్లీ తాలిబన్ల చేతికి చిక్కిన రోజుల్లో, నందిగామలో టీ తాగుతుంటే ఒక మిత్రుడు అడిగాడు: "ఏం సాయిబుగారూ, ఆడపిల్లల చదువు గురించి మీవాళ్లేమంటారు?" అడిగినవాడు మంచివాడే. కానీ ఎక్కడ ఏ సాయిబు తప్పు చేసినా జవాబుదారీ మాదే అనే ఆ "మీవాళ్లు" మాకు కొత్త కాదు. "తాలిబన్లకీ మాకూ ఏం సంబంధం?" అని విసురుగా లేచొచ్చాం. జగ్గయ్యపేట బస్సులో కూర్చున్నాక ఆ జవాబు మాకే సరిపోలేదు.

1995లో హెరాత్ నగరం తాలిబన్ల వశమయ్యాక ఆడపిల్లల చదువు ఆగిపోయింది. కుట్టుపనికి మాత్రం అడ్డు చెప్పలేదు. అందుకని అక్కడి ఆడవాళ్లు "బంగారు సూది" పేరుతో కుట్టుపని బడి నడిపారు. సంచిలో పైన గుడ్డలు, అడుగున పుస్తకాలు. లోపల యూనివర్సిటీ ప్రొఫెసరు సాహిత్యం చెబుతుంటే, బయట పిల్లలు ఆడుకుంటున్నట్టే కాపలా కాసేవాళ్లు. ఆ గదిలో చదువుకున్న నాదియా అంజుమన్ 2001లో తాలిబన్లు పోయాక యూనివర్సిటీలో చేరింది. కవితా సంపుటి అచ్చువేసింది. 2005 నవంబరులో, 24 ఏళ్ల వయసులో, భర్త కొట్టిన రాత్రే చనిపోయింది. కొట్టానని అతనూ ఒప్పుకున్నాడు. హుకూమత్ మారింది గానీ ఇల్లు మారలేదు.

ఆ ఏళ్లలోనే ఇక్కడ మా ఆపా పదో తరగతి పాసయింది. ఇక్కడ ఫత్వా లేదు, తుపాకీ లేదు. "ఇంకా చదివిస్తే అంత చదివిన దామాద్‌ని, అంత జోడేకి రఖం ఎక్కడ తెస్తాం?" అంది అమ్మీ. "జమాత్‌లో నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారు అబ్బా. ఆపాకి కుట్టుమిషన్ కొనిచ్చారు. ఆ మిషన్ మీద ఆమె కుట్టిన జాకెట్ల డబ్బుతోనే మేం బి.ఏ. చదివాం. హెరాత్‌లో సూది చదువుని కాపాడింది. మా ఇంట్లో చదువుకి బదులుగా వచ్చింది.

ఇప్పుడు సభల్లో ముస్లిం స్త్రీల ఓర్పునీ పట్టుదలనీ తెగ పొగుడుతున్నాం. ఆ పొగడ్తలో మోసముంది. గోడ దూకిన పిల్లని మెచ్చుకుంటే, గోడ కట్టిందెవరన్న ప్రశ్న రాదు. దూకలేకపోయిన ఆపాలు లెక్కలోకే రారు. నిజానికి ఎక్కువ ఓర్చుకున్నది వాళ్లే. ఓర్పు ఆమె గుణం కావచ్చు. దాన్ని ఆమె నుంచి ఆశించే హక్కు మనకెక్కడిది?

దీన్ అడ్డమంటారా? ఖురాన్‌లో మొదట దిగిన మాటే "ఇఖ్రా". చదువు అని. అది మగాళ్లకి మాత్రమే అని లేదు. పేదరికం అడ్డమంటారా? ఆ పేదరికంలోనే మా ఫీజుకి డబ్బు దొరికింది.

సెక్యులర్ మిత్రులకీ ఒక మాట. 2022లో కర్ణాటకలో హిజాబ్ వేసుకొచ్చిన పిల్లల్ని కాలేజీ గేటు దగ్గర ఆపేశారు. తన ఇష్టంతో వేసుకుందో, ఇంట్లోవాళ్ల కోసం వేసుకుందో, గేటు దాకా వచ్చిన పిల్ల ఆమె. గడప దగ్గర ఆపినా, గేటు దగ్గర ఆపినా పోయేది ఆమె చదువే.

మొన్న ఆపా కూతురికి నందిగామ కాలేజీలో సీటొచ్చింది. "పంపమంటావా భాయ్? మామూ ఇజాజత్ కావాలి కదా" అంది ఆపా. ఆమె ముఖం చూడలేకపోయాం. ఇజాజత్ ఇవ్వడానికి మేమెవరం? ఆ ఇంటికి మేమున్నది బాకీ.