కల్లెడ అమ్మాయి



2024 సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్ నుంచి కాంస్య పతకంతో వచ్చిన జీవాంజి దీప్తికి శంషాబాద్ విమానాశ్రయంలో ఘనస్వాగతం దక్కింది. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి. మేధోవైకల్యం ఉన్నవారి 400 మీటర్ల పరుగును 55.82 సెకన్లలో ముగించింది. అదే ఏడాది మే నెలలో జపాన్‌లోని కోబేలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డే నెలకొల్పింది.

నా మనసు మాత్రం ఆమె చిన్నతనం మీదే ఉంటుంది. ఊళ్లో కొందరు ఆమె రూపాన్ని వెక్కిరించారు, అనాథాశ్రమంలో వదిలేయమని కూడా అన్నారు. కూలి చేసుకునే ఆ అమ్మానాన్నలు బిడ్డను గుండెకు హత్తుకునే పెంచారు.

దీప్తి లాంటి పిల్లలందరికీ పతకాలు రావు, కానీ వాళ్ల చిన్న గెలుపులూ గెలుపులే. మూడేళ్లకు తొలి అడుగు వేసిన బాబు, ఆరేళ్లకు ‘అమ్మా’ అన్న పాప, చొక్కా గుండీ తానే పెట్టుకున్న పిల్లాడు... ఆ ఇళ్లల్లో ఆ రోజు పాయసం వండాలి, అమ్మమ్మకు ఫోన్ చేసి చెప్పాలి. పక్కింటి పిల్లలు ఎప్పుడు నడిచారన్న లెక్క అక్కడ ఎందుకు?

బిడ్డ ఎదుగుదల ఆలస్యమనిపిస్తే ఆగకండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధోవైకల్యం ఉన్నవారి కోసం 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ ఉంది. అక్కడి నిపుణులు పిల్లల్ని పరీక్షించి, ఇంట్లో ఏం నేర్పాలో తల్లిదండ్రులకు చూపిస్తారు.