కాలరు లోపలి పేరు

క్రిస్మస్ నెల వచ్చిందంటే మన కుటుంబాల్లో బట్టల మాట లేవక తప్పదు. ఒకప్పుడు ఆ మాట "ఎప్పుడు కొందాం? ఎంతలో కొందాం?" అన్నంతవరకే ఉండేది. నాన్నగారు కొట్లో ఒకే తానులోంచి గుడ్డ చింపించి తెచ్చేవారు. అన్నదమ్ములు నలుగురూ అర్ధరాత్రి పూజకు ఒకే రంగు చొక్కాలతో వస్తే, బ్యాండుమేళం దిగిందని జనం నవ్వేవారు. ఇప్పుడు ఇళ్ళలో వినిపించే ప్రశ్న వేరు. "ఏ కంపెనీది?"

"ఫాదరు గారండీ, మావాడు ఆ కంపెనీ చొక్కా తప్ప ఒంటిమీద వేయనంటున్నాడండి. నిరుడు ఇంకో కంపెనీ అన్నాడు. అది ఇప్పుడు చేత్తో కూడా ముట్టుకోడు. ఇది పాపం కాదాండి?" అని అడిగే తల్లిదండ్రులు విచారణలో ఏటా కనబడుతూనే ఉంటారు.

ముందుగా ఈ తండ్రులతోనే ఒక మాట. 1980లలో మీరు పెళ్ళికొడుకులుగా ఉన్నప్పుడు 'ఓన్లీ విమల్' అన్న ప్రకటన చూసి ప్యాంటు గుడ్డ కొన్నది ఎవరు? రేమండ్ సూటు గుడ్డ పెట్టలేదని అత్తవారి మీద అలిగినది ఎవరు? మీ నాన్నగార్లు బిన్నీ గుడ్డ అయితేనే గుడ్డ అనేవారు. విమల్ అన్నది నిజానికి ఒక పిల్లవాడి పేరు. 1966లో అహమ్మదాబాదు దగ్గర నరోడాలో మిల్లు పెట్టిన అంబానీలు, తమ ఇంటి అబ్బాయి పేరునే గుడ్డకు పెట్టుకున్నారు. మనకు ఆ పిల్లవాడు తెలియడు, ఆ మిల్లూ తెలియదు. అయినా ఆ పేరును ప్రేమించాం, కొంతకాలానికి వదిలేశాం. కనుక ఈ జబ్బు మీ అబ్బాయితో మొదలు కాలేదు.

ఇక పాపం సంగతి. పునీత తోమాసు అక్వినాసు గారు తన మహాగ్రంథంలో దుస్తుల విషయానికి ప్రత్యేకంగా ఒక ప్రశ్న కేటాయించారు. దోషం వస్తువులో లేదు, దాన్ని వాడే మనిషి మితం తప్పడంలో ఉన్నదంటారు. ఆయన అక్కడితో ఆగలేదు. పేరు కోసం, మెప్పు కోసం గొప్పగా అలంకరించుకోవడం ఎలా తప్పో, అదే మెప్పు కోసం కావాలని నాసిరకం బట్టలు కట్టుకోవడం కూడా అలాగే తప్పని గుర్తు చేశారు. ఈ రెండవ మాట మా గురువులకు బాగా తగులుతుంది. మా తెల్ల అంగీ మీద కంపెనీ పేరు ఉండదు గనుక మేము తప్పించుకున్నామని మీరు అనుకోకండి. ముతక ఖద్దరు వేసుకొని, ఎవరైనా గమనించారా అని చుట్టూ చూసేవారు మాలోనూ ఉంటారు.

మరొకవైపు ఆడం స్మిత్ మాట కూడా వినాలి. 1776లో వెలువడిన తన అర్థశాస్త్ర గ్రంథంలో ఆయన నార చొక్కాను ఉదాహరణగా తీసుకొన్నాడు. గ్రీకులు, రోమనులు నార బట్ట లేకుండానే హాయిగా బతికారు. కాని తన కాలపు యూరపులో దినకూలి కూడా నార చొక్కా లేకుండా నలుగురిలోకి రావడానికి సిగ్గుపడతాడు, అందుచేత అది అతనికి అవసరమే అన్నాడు. ఇది కొట్టిపారేయదగిన మాట కాదు. చిరుగుల నిక్కరుతో బడికి వెళ్ళిన తరం మనలో ఇంకా ఉంది. ఆ సిగ్గు ఎంత నిజమో వారికి తెలుసు. పిల్లవాడు "అందరికీ ఉంది, నాకు లేదు" అన్నప్పుడు, అందులో గర్వమే కాదు, భయం కూడా ఉంటుంది. కాని స్మిత్ చెప్పింది చొక్కా గురించి. కాలరు లోపల కుట్టిన చీటీ గురించి కాదు. చొక్కా లేకపోవడాన్ని సిగ్గుగా చేసింది సమాజం. చీటీ లేకపోవడాన్ని కూడా సిగ్గుగా చేసే పని ఇప్పుడు మన కళ్ళముందే, చాలామటుకు మన చేతులతోనే జరుగుతోంది.

ఇంతకీ ఆ చీటీని ప్రేమించేవాడు దేన్ని ప్రేమిస్తున్నాడు? నాకు తోచినంతలో, అది ఒక మాట మీద నమ్మకం. పూర్వం మన ఊళ్ళలో నమ్మకానికి ముఖం ఉండేది. టైలరు తన పేరూ ఊరూ నేయించిన చిన్న చీటీ కాలరు లోపల కుట్టేవాడు. బొత్తాం ఊడితే ఆ పేరు పట్టుకొని అతని దగ్గరికే వెళ్ళి పోట్లాడవచ్చు. మిల్లు గుడ్డ, ఆ తరువాత రెడీమేడు వచ్చేసరికి ముఖం దూరమైపోయింది, పేరు ఒక్కటే మిగిలింది. కనబడని మనిషి, కనబడే పేరు ద్వారా, "ఇది వెలవదు, చిరగదు" అని మాట ఇస్తున్నాడు. మాట నిలబడినంతకాలం పేరు మీద ప్రేమ. ఇందులో తప్పేమీ లేదు. చిక్కల్లా ఏమిటంటే, పేరు ఒక దారిన, చేతులు మరొక దారిన పోగలవు.

దీనికి ఉదాహరణ కోసం దూరం పోనక్కరలేదు. మన కోనసీమ అంచున సఖినేటిపల్లి రేవులో ఎక్కి వశిష్ఠ దాటితే, నరసాపురం వైపు దిగేది మాధవాయిపాలెం. రోజూ దాటేవారిలో ఎందరికి తెలుసో గాని, ఆ ఊరి పేరు ప్రపంచంలోని బట్టల వ్యాపారమంతటా తిరిగింది. పదిహేడవ శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ అక్కడ వర్తక స్థావరం పెట్టి, ఈ ప్రాంతపు నేతగాళ్ళ నూలు గుడ్డను ఓడల్లో పంపించింది. ఊరి పేరు వాళ్ళ నోట 'మడపొల్లం' అయింది, గుడ్డ పేరు కూడా అదే అయింది. మెత్తని, సాదా నేత తెల్ల గుడ్డ. ఇంగ్లీషు, ఫ్రెంచి నిఘంటువుల్లో ఆ మాట ఈనాటికీ ఉంది. తరువాత ఏం జరిగింది? పందొమ్మిదవ శతాబ్దంలో లాంకషైరు మరమగ్గాలు అదే పేరుతో గుడ్డ నేసి దేశదేశాలకు అమ్మాయి. పేరు మన ఊరిది, గుడ్డ వారిది. గోదావరి తీరపు సాలెవారి చేతులు ఏమైపోయాయో పేరును ప్రేమించి కొన్నవారు అడగలేదు. పేరు ఉందిగా, చాలు.

ఇప్పుడు చట్టం కొంత కళ్ళు తెరిచింది. ఊరి పేరును ఆ ఊరి పనికే ముడివేసే భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో వచ్చింది. ఉప్పాడ జాందానీ చీరకు 2009లో ఆ గుర్తింపు దక్కింది. మాధవాయిపాలేనికి ఆ భాగ్యం మూడు వందల ఏళ్ళ క్రితం లేదు.

ప్రేమించిన బట్టను వదిలేయడం ఒక ధర్మకార్యంగా మారిన కాలం కూడా మన దేశానికి ఉంది. 1921 జూలై 31న బొంబాయి పరేల్‌లో గాంధీ గారు సీమగుడ్డల గుట్టకు నిప్పు పెట్టించారు. ఎందరో తమకు ఎంతో ఇష్టమైన బట్టలు తెచ్చి అందులో వేశారు. ఆయన ఆప్తమిత్రుడు సి. ఎఫ్. ఆండ్రూస్ గారికి, ఆయన కూడా ఒక క్రైస్తవ గురువే, ఇది మింగుడుపడలేదు. తోటి స్త్రీపురుషులు చేతులారా చేసిన పనిని కాల్చడం హింసలా తోస్తోందని, ఇలా అయితే తాను ఖద్దరు కట్టడానికే జంకుతున్నానని గాంధీ గారికి ఉత్తరం రాశారు. గాంధీ గారు ఆ ఉత్తరాన్ని తన పత్రికలోనే అచ్చువేసి జవాబిచ్చారు. మనుషుల మీద రగులుతున్న ద్వేషాన్ని తాను వస్తువుల మీదికి మళ్ళిస్తున్నానని, మనం కట్టడానికి సిగ్గుపడే బట్టను పేదవాడికి దానమివ్వడం అతన్ని అవమానించడమేనని ఆయన వాదన.

ఆ రోజుల సెగ మా వాడపల్లికీ తగిలింది. 1931 మార్చిలో ఇక్కడి వేంకటేశ్వరస్వామి రథోత్సవంలో, రథం మీద గాంధీ గారి పటం పెట్టారన్న విషయమై పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. అదే సంవత్సరం సెప్టెంబరులో గాంధీ గారు ఇంగ్లండు వెళ్ళి, లాంకషైరులోని డార్వెన్‌లో మిల్లు పనివారిని కలుసుకున్నారు. విదేశీ వస్త్ర బహిష్కరణ వల్ల కూడా పని పోగొట్టుకున్నవారు వాళ్ళు. వారు ఆయనను రాళ్ళతో కాదు, కేరింతలతో ఎదుర్కొన్నారు. మిల్లు స్త్రీల నడుమ ఆయన నిలబడిన ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు.

ఆండ్రూస్ గారు, గాంధీ గారు, ఇద్దరిలో ఎవరు సరి? సెమినరీలో ఇలాంటి ప్రశ్నకు ఇరుపక్షాలూ చెప్పి ఊరుకునేవాళ్ళం. ఇప్పుడు అలా ఊరుకోలేను. దానం గురించి గాంధీ గారి మాట నూటికి నూరుపాళ్ళు నిజం. మన విచారణల్లో క్రిస్మస్‌కు ముందు పేదలకోసం పోగుపడే పాత బట్టల మూటలు విప్పి చూసినవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. కాని మంట విషయంలో నేను ఆండ్రూస్ గారి వైపే. ఒక పేరు మీద మనకు ప్రేమ పోవచ్చు, పోవలసిన సందర్భాలూ ఉంటాయి. ఆ పేరు వెనుక ఉన్న చేతుల పట్ల మన బాధ్యత మాత్రం దానితోపాటు పోదు. డార్వెన్ ప్రయాణం చూస్తే, గాంధీ గారికి కూడా ఈ సంగతి తెలుసుననే అనిపిస్తుంది.

మన కాలంలో ఆ చేతులు మరీ కనుమరుగయ్యాయి. 1982 జనవరిలో బొంబాయి మిల్లుల్లో సమ్మె మొదలైంది. సుమారు రెండున్నర లక్షలమంది పని మానారు. చాలామందికి తిరిగి ఆ పని దొరకనేలేదు. మద్రాసు పెరంబూరులో బిన్నీ వారి బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లు 1996లో మూతపడింది. ఆ తరువాత అది సినిమా షూటింగుల స్థలమైంది. కొత్త పేర్లు వచ్చాయి. ఫ్రెంచి రాజు పేరు పెట్టుకున్న చొక్కా మన దేశంలో తయారవుతోంది. మాంటే కార్లో అన్న పేరు వినగానే ఐరోపా గుర్తుకొచ్చే స్వెట్టరు లుధియానాది. బాటాను మాత్రం మనం అచ్చమైన స్వదేశీ అనుకున్నాం, అది చెకోస్లొవేకియా నుంచి వచ్చింది! పేరును బట్టి చేతులను పోల్చుకోవడం ఎంత కష్టమో చూడండి.

2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో ఢాకా దగ్గర రాణా ప్లాజా అనే భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది బట్టలు కుట్టే స్త్రీలు. గోడలు బీటలు వారాయని ముందురోజే తెలిసినా పనిలోకి రమ్మన్నారు. ఆ శిథిలాల్లో దొరికిన చీటీల మీద ఐరోపా దేశాలవారు ఇష్టపడి కొనే పేర్లు ఉన్నాయి. ఆ పనివారికి నెలకు దక్కేది 38 యూరోలని చదివిన ఫ్రాన్సిస్ పోపు గారు, మే 1న తమ ప్రసంగంలో దానిని బానిస చాకిరీ అన్నారు. ఆ వార్త విన్న ఎందరికో తాము ప్రేమించిన పేర్ల మీద మనసు విరిగింది. అలా విరగడం మంచిదే. అయితే ఆ కుట్టేవారిలో చాలామంది తమ పని పోవాలని కోరలేదు. తలుపులకు తాళం వేయని, గోడలు కూలని చోట, న్యాయమైన జీతానికి అదే పని కావాలన్నారు. కొనడం మానేసి చేతులు దులుపుకొంటే, ముందుగా వీధిన పడేది కుట్టే మనిషే. అందుకని ఏమీ అడగకుండా కొంటూ పోవడమూ సరికాదు. కొట్టువాడిని, కంపెనీని "ఎవరు కుట్టారు? ఎంత ఇచ్చారు?" అని అడిగేవారు పెరిగితేనే ఆ జీతాలు కదులుతాయి. బండారులంక నేతగాడి దగ్గర చీర కొనేటప్పుడు బేరం ఆడి ఆడి వంద తగ్గించి, పట్నం షోరూములో చీటీ మీద ధరకు మారుమాటాడని మన అలవాటు ఈ లెక్కలో ఎక్కడ నిలుస్తుందో మీరే ఆలోచించండి.

చీటీ వెనుక మరో జత చేతులు కూడా ఉంటాయి. మన కోనసీమలో చాలా ఇళ్ళ తల్లులు కువైట్‌లోనో దుబాయిలోనో ఇంటిపనులు చేస్తూ కుటుంబాలను పోషిస్తున్నారు. అలాంటి ఒక తల్లి, కొడుకు ఫోనులో అడిగిన కంపెనీ చొక్కా కొని, వచ్చేవారి చేత పంపించింది. అది చేరేసరికి మూడు నెలలు పట్టింది. అబ్బాయి విప్పి చూసి, "ఇప్పుడిది ఎవరూ వేయట్లేదు" అని పక్కన పెట్టేశాడు. నాయనమ్మ బాధపడి నాతో చెప్పింది. నేను అబ్బాయిని మందలించలేదు. పదహారేళ్ళవాడికి స్నేహితుల్లో పలచన కావడం ఎంత భయమో నాకు తెలుసు. ఆ చొక్కా వెల ఎన్ని దినార్లో చీటీ చూసి చెప్పమన్నాను. అమ్మ నెల జీతం ఎంతో వాడికి తెలుసు. లెక్క వాడే కట్టాడు, రెండు రోజుల పని అయింది. కొంతసేపు ఊరుకొని, "మరి అమ్మ బట్టలు ఎక్కడ కొనుక్కుంటుంది ఫాదర్?" అని అడిగాడు. నాయనమ్మను అడిగితే ఆమెకూ తెలియదు. అంతవరకు ఆ ఇంట్లో ఎవరూ ఆ సంగతి అడగలేదట.