పరాయి గుడ్డ

బూర్గంపహాడ్

చిరంజీవి బుజ్జికి మేనత్త దీవించి రాసేది.

భద్రాచలంలో కుట్టు శిక్షణలో చేరావని మీ నాన్న చెప్పాడు. సంతోషం. ఆ వెంటనే నీ మెసేజ్ వచ్చింది, ఎన్ని నెలల్లో వస్తుందత్తా, బోర్డు ఎప్పుడు పెట్టుకోవచ్చత్తా అని. ఫోన్లో చెబితే సగం నేను మర్చిపోతా, మిగతా సగం నువ్వు మర్చిపోతావు. అందుకే కాగితం మీద పెడుతున్నా. తీరిగ్గా చదువుకో.

మిషన్ తొక్కడం గురించి బెంగ పెట్టుకోకు, అదే వస్తుంది. మీ నానమ్మ పక్కన కూర్చుని మోదుగాకు విస్తర్లు కుట్టిన పిల్లవి నువ్వు. ఎండిన ఆకు మీద నీళ్లు చల్లి మెత్తబరచడం, ఈనెపుల్ల ఎక్కడ గుచ్చితే నిలుస్తుందో, ఎక్కడ గుచ్చితే ఆకు చిరుగుతుందో వేలితోనే పసిగట్టడం నీకు ఎవరూ పాఠం చెప్పలేదు. పాత చీరలు మడతేసి బొంతలు కుట్టిన చేతులు మన ఇంటివి. అడవి అంచున ఉన్న మన ఊళ్లలో ఆడవాళ్లకు సూది ఎప్పుడూ కొత్త కాదు, మిషనే మగవాళ్ల చేతిలో ఉండేది. మా చిన్నప్పుడు సంత రోజున మేరోళ్లు అరుగు మీద మిషన్ పెట్టుకుంటే, ఆ చక్రం తిరగడం చూడ్డానికే పిల్లలం మూగేవాళ్లం. ఇప్పుడు కొత్తగూడెంలో సింగరేణి సేవా సమితి కార్మికుల ఇళ్లలో ఆడవాళ్లకు కుట్టు నేర్పుతోంది. మీ వైపు గూడేల నుంచి కూడా పిల్లలు బస్సెక్కి వచ్చి నేర్చుకుంటున్నారు. రోజులు మారాయి.

నెలల లెక్క మాత్రం నేను చెప్పను. నీ గుడ్డ నువ్వు పాడుచేసుకుంటే అడిగేవాళ్లుండరు. ఇంకొకళ్ల గుడ్డ ముందు పరుచుకుని కత్తెర పట్టుకున్న రోజున అసలు పని మొదలవుతుంది. ఆ పని శిక్షణలో నేర్పరు. నేర్పినా ఒక పూటలో చెప్పి వదిలేస్తారు. ఈ ఉత్తరం దాని కోసమే.

మిషన్ సంగతి గబగబా చెప్పేస్తా. మొదట దారం ఎక్కించకుండా గీతల నోటుబుక్కు కాగితం మీద తొక్కు. గీత మీదే చిల్లులు పడేదాకా గుడ్డ జోలికి పోవద్దు. చక్రం ఎప్పుడూ నీ వైపుకే తిరగాలి, వెనక్కి తిరిగిందా దారం చిక్కుపడి తెగుతుంది. గుడ్డను చేత్తో లాగకు, కింద పళ్లున్నాయి, అవే జరుపుతాయి. లాగితే సూది వంగుతుంది. మామూలు నూలు గుడ్డకు 14 నంబరు సూది, పల్చటి వాటికి 11, మందపాటి వాటికి 16. గుడ్డ అడుగున దారం ఉండలు కడితే కొత్తవాళ్లంతా బాబిన్‌ని తిడతారు, దాన్ని విప్పి స్క్రూ తిప్పి పూర్తిగా పాడు చేస్తారు. చాలాసార్లు లోపం పైదారంలో ఉంటుంది. పైదారం మొత్తం తీసేసి మళ్లీ మొదట్నుంచి ఎక్కించి చూడు. మోటారు ఇప్పుడే వద్దు. కాలితో తొక్కితే ఎక్కడ ఆగాలో కాలికి తెలుస్తుంది, కరెంటు పోయినా పని ఆగదు. పనిలో దిగాక పంచాయతీలో విశ్వకర్మ పథకం గురించి అడుగు. కేంద్రం 2023 సెప్టెంబరులో మొదలుపెట్టిన దాంట్లో 18 చేతివృత్తులున్నాయి, దర్జీ పని అందులో ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల దాకా ఇస్తారు. అప్పు కూడా ఇస్తామంటారు కానీ, చేతిలో గిరాకీ లేకుండా అప్పు జోలికి వెళ్లకు.

ఇక అసలు మాట. నీ దగ్గరికి మొదట వచ్చేది జాకెట్టే. చీరతో వచ్చిన ముక్క, దాంతో పాటు ఒక ఆది జాకెట్టు తెచ్చి నీ ముందు పెడతారు. "దీని లెక్కనే కుట్టమ్మా" అని వెళ్లిపోబోతారు. వెళ్లనివ్వకు, కూర్చోబెట్టు. ఆ ఆది జాకెట్టు ఎప్పటిదో అడుగు. చంకలో బిగుతుగా ఉందా, భుజం జారుతుందా, హుక్కులు లాగుతున్నాయా అడుగు. సగం మంది ఇబ్బందిగా ఉన్న జాకెట్టునే ఆదికి తెస్తారు, ఇంట్లో అదొక్కటే చినగకుండా మిగిలి ఉంటుంది కాబట్టి. నువ్వు ఆ కొలతలే దించేస్తే ఆ ఇబ్బందిని కొత్త గుడ్డలోకి ఎక్కించినట్టు. టేపు పెట్టి నువ్వూ కొలువు. రెండు కొలతలూ పక్కపక్కన రాసుకో.

లైనింగ్ గుడ్డను నీళ్లలో నానబెట్టి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తిరించు. తడపకుండా కుట్టిన జాకెట్టు నీ దగ్గరినుంచి వెళ్లేటప్పుడు ముచ్చటగా ఉంటుంది. మొదటి ఉతుకులో లోపలి నూలు గుడ్డ కుదించుకుపోతుంది, పై గుడ్డ అలాగే ఉంటుంది, జాకెట్టంతా ముడతలు పడుతుంది. కుట్టించుకున్నామె తన ఒళ్లు పెరిగిందనుకుంటుంది, నిన్ను అడగదు. అడగని చోట తప్పించుకోవడం చాలా తేలిక. అందుకే ఆ చోటనే జాగ్రత్తగా ఉండాలి.

పక్క కుట్టు దగ్గర లోపల ఇంచు, వీలైతే ఇంచున్నర గుడ్డ వదులు. పెళ్లికి కుట్టించుకున్న జాకెట్టు కాన్పు తర్వాత మళ్లీ తొడగాలంటే ఆ వదిలిన గుడ్డే దిక్కు. లోపల పొదుపు చేసి మిగిల్చిన ముక్క నీ దగ్గర దాచుకుంటే, ఆమెకు రేపు ఒక జాకెట్టు లేకుండా చేసినట్టే. మిగిలిన ముక్కలు ఎంత చిన్నవైనా మడత పెట్టి ఆమె సంచిలోనే వెయ్యి. పసిపిల్లకు టోపీ కుట్టుకుంటుందో, బొంతకు అతుకు వేసుకుంటుందో ఆమె ఇష్టం. ఈ పనిలో పేరు పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. కుట్టు రాక పోగొట్టుకున్నవాళ్లు తక్కువ, ముక్కల దగ్గర పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ.

కొలతలు తీసేటప్పుడు నోరు అదుపులో పెట్టుకో. పోయినసారికీ ఇప్పటికీ నడుం పెరిగింది, తగ్గింది అనకు. డాక్టరు కంటే ముందు దర్జీకి కొన్ని సంగతులు తెలుస్తాయి. ఎవరికి నెల తప్పిందో, ఎవరు జబ్బుతో చిక్కిపోతున్నారో టేపు చెబుతుంది. నీ పుస్తకంలో ఉన్న అంకెలు ఇంకొకళ్ల నోట వినబడకూడదు. ఒకసారి ఓ ముసలమ్మను మనవరాలు తీసుకొచ్చింది. కోయగూడెం నుంచి వచ్చింది, వయసులో ఉన్నప్పుడు కూడా రైక తొడగలేదు. మనవరాలి పెళ్లిలో ఫోటోలు తీస్తారని ఇంట్లోవాళ్ల పట్టు. ఆమె నిలబడి చేతులు ఎత్తమంటే ఎత్తడం లేదు, పైట గట్టిగా పట్టుకుంది. దుకాణంలో ఉన్న ఆడపిల్లలు నవ్వబోయారు. వాళ్లను బయటికి పంపి, తలుపు వేసి, టేపు ఆమె చేతికే ఇచ్చాను. నేను చెప్పిన చోట ఆమే పట్టుకుంది, నేను అంకె చూసి రాసుకున్నా. ఆ రైకకు చంకలు వదులుగా పెట్టాను, హుక్కులు ముందుకు పెట్టాను. పెళ్లయ్యాక కూడా తొడుగుతోందని మనవరాలు తర్వాత చెప్పింది.

ఇంకో రకం పరాయి గుడ్డ ఉంది. దాన్ని తెచ్చినవాళ్లూ తొడిగేవాళ్లూ ఒకరు కాదు. మన రాష్ట్రంలో 2024లో సర్కారు బడి పిల్లల యూనిఫాం కుట్టే పని మహిళా సంఘాలకు అప్పగించారు. జతకు 50 రూపాయలున్న కుట్టుకూలి 75 చేశారు. మీ సంఘంలోకీ ఆ గుడ్డ తానులుగా వస్తుంది, నీకు మిషన్ వచ్చిందని తెలిస్తే నిన్నూ పిలుస్తారు. వెళ్లు. కూలి ఎక్కువేం కాదు, నిజమే. బడి తెరిచే రోజు ముంచుకొస్తుంటే అందరూ పరుగులు పెడతారు. అప్పుడే కుట్టు చివర వెనక్కి రెండు టాకాలు వేయకుండా దారం తెంపేస్తారు. నిక్కరు నడుమ కుట్టు ఒక్కటే వేస్తారు. గుండీ రెండు చుట్లతో సరిపెడతారు. జాకెట్టు కుట్టించుకున్నామె వెనక్కి వచ్చి పోట్లాడగలదు. రెండో తరగతి పిల్లాడు నీ దగ్గరికి రాడు, నువ్వెవరో వాడికి తెలియదు. చెట్టెక్కినప్పుడు నిక్కరు కుట్టు విడిపోతే పుస్తకాల సంచి అడ్డం పెట్టుకుని గూడెం దాకా నడుస్తాడు, వాళ్లమ్మ చేత తిట్లు తింటాడు. వాడికి ఏడాదంతా తిప్పితిప్పి తొడగాల్సినవి ఆ జతలే. అందుకని నడుమ జంట కుట్టు వెయ్యి. కుట్టు చివర్లు కట్టెయ్యి. కింద మడత రెండు ఇంచులు వదిలితే పిల్లాడు పొడుగైనా సాగదీసుకోవచ్చు. సంఘంలో ఎవరైనా "ఇన్ని కుట్లు వేస్తే రోజుకు ఎన్ని అవుతాయే" అంటే వాదన పెట్టుకోకు. నీ వంతువి నువ్వు అలాగే కుట్టు. రోజుకు ఒకటి తక్కువైనా పర్లేదు.

రెడీమేడ్లు వచ్చాక కుట్టుకు రోజులున్నాయా అని మీ నాన్న దిగులు. ఈ దిగులు మనతో మొదలవలేదని చెప్పు. ఫ్రాన్సులో తిమోనియే అనే దర్జీ 1830లో కుట్టు మిషన్‌కు పేటెంటు తీసుకున్నాడు. సైనికుల బట్టలు కుట్టే కర్మాగారం పెడితే, తమ పొట్ట కొడుతున్నాడని తోటి దర్జీలే మీద పడి మిషన్లు విరగ్గొట్టారు. యంత్రాలంటే అంతగా పడని గాంధీగారు కూడా 1924లో ఒక కుర్రాడు అడిగితే కుట్టు మిషన్‌ను మాత్రం మినహాయించారు. ఖమ్మం షాపుల్లో రెడీమేడ్ జాకెట్లు వేలాడుతున్నాయి, సైజులు మూడో నాలుగో ఉంటాయి. మన ఊరి ఆడవాళ్ల ఒళ్లు ఆ మూడు నాలుగింటిలో ఇమడవు. అవి కొన్నవాళ్లు కూడా పక్కలు పట్టించుకోవడానికి మన దగ్గరికే వస్తారు.

గడువు గురించి. "రేపు రా" అనే మాట నీ నోట్లో పడనివ్వకు. గుడ్డ తీసుకునేటప్పుడే నిజమైన రోజు చెప్పు. అది గుడ్డ తెచ్చినామెకు కుదరకపోతే పక్కింటి టైలర్ దగ్గరికి పంపు. పెళ్లిళ్ల రోజుల్లో, మేడారం జాతర ముందు అందరిదీ ఒప్పుకుని రాత్రంతా కుట్టి కళ్లు పాడు చేసుకోవడం గొప్ప కాదు. డబ్బు దగ్గర కొంచెం తెలివిగా ఉండాలి. మన వైపు చేతిలో డబ్బాడేది తునికాకు కల్లాల దగ్గర లెక్కలయ్యాక, మిరపకాయ కోతలయ్యాక. మిగతా రోజులు ఉద్దెర తప్పదు. ఇవ్వు, పుస్తకంలో రాసుకో, ఎదురుగానే రాయి. పాత బాకీ తీర్చేదాకా గుడ్డ ఇవ్వనని పెళ్లి రోజున మాత్రం ఆపకు. గుడ్డ ఆమెది, నీకు రావలసింది కూలి మాత్రమే. అలాగని పక్కింటి టైలర్ కంటే పది రూపాయలు తగ్గించి గిరాకీ లాక్కోవద్దు. ఆమె కూడా మిషన్ మీదే బతుకుతోంది.

మా ఊరు నీకు తెలుసు, గోదావరి ఎప్పుడు ఇంట్లోకి వస్తుందో చెప్పలేం. 1986లో భద్రాచలం దగ్గర 75 అడుగులు దాటింది, 2022 జులైలో 71 దాటింది. 53 దగ్గరే మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేస్తారు. ఆ జులైలో ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు మీ మామయ్య టీవీ మోస్తుంటే నేను గిరాకీల మూట కట్టాను. తిట్టాడు. అవి అందరివీ మన దగ్గరున్నాయి, టీవీ మనది, పోతే మనకే పోతుంది అన్నాను. మూటలో ఏ గుడ్డ ఎవరిదో చీటీలు కుట్టి పెట్టుకోవడం వల్ల శిబిరంలోనే కొందరికి ఇచ్చేశా. నువ్వూ ఇప్పట్నుంచే గుడ్డ కొసకు చీటీ కుట్టడం అలవాటు చేసుకో. పిన్ను పెట్టకు, తుప్పు మరక పోదు. మిషన్ మూడు రోజులు బురదలోనే ఉంది. బల్ల చెక్క ఉబ్బి పనికిరాకుండా పోయింది. ఇనుప తలకాయను కడిగి, కిరోసిన్‌తో తుడిచి, నూనె పట్టించి ఎండలో పెడితే మళ్లీ తిరిగింది. ఇప్పటికీ దాని మీదే కుడుతున్నా.

బస్సులో వచ్చేవాళ్లతో 14 నంబరు సూదులు, ఒక టేపు, నా పాత కత్తెర పంపిస్తున్నా. ఆ కత్తెరతో కాగితాలు కోయకు, మొండిదైపోతుంది. మీ అమ్మ కొబ్బరి పీచు కూడా దాంతోనే కోస్తుంది, దాచుకో. బోర్డు సంగతి మీ నాన్నతో నేను మాట్లాడతా, తొందరపడొద్దని చెప్పు. దసరాకి వచ్చినప్పుడు నువ్వు కుట్టిన జాకెట్టొకటి తీసుకురా, తిరగేసి లోపలి వైపు చూడాలి.

ఉంటాను బిడ్డా.

నీ మేనత్త