పందెంలో గెలుపూ, న్యాయమూ

హైస్కూలు పిల్లల చేత యంత్రాలు తయారు చేయించి, వాటిని పందేనికి నిలబెట్టే పద్ధతి నేడు అనేక దేశాల్లో వున్నది. దాన్ని నేను తోసిపుచ్చను. పుస్తకంలో చదివిన సూత్రాన్ని చేతులతో పరీక్షించుకోవడం, నలుగురూ కలిసి ఒక పని సాధించడం చదువులో అరుదుగా దొరికే మేళ్లు. నా ప్రశ్న వేరు. అటువంటి పందెంలో పేదవాడు గెలిస్తే, ఆ గెలుపు దేన్ని రుజువు చేస్తుంది?

2004లో అమెరికాలో జరిగిన సంగతి చూద్దాం. నీటి అడుగున పనిచేసే రోబోల పోటీకి, అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరం నుంచి, కార్ల్ హేడెన్ హైస్కూలు కుర్రవాళ్లు నలుగురు వెళ్లారు. మెక్సికో నుంచి వలస వచ్చిన కుటుంబాల బిడ్డలు వారు. ఆ దేశంలో వుండడానికి కాగితాలు లేనివారు. చందాలు పోగుచేసి, ప్లాస్టిక్ గొట్టాలతో రోబోను కట్టారు. విద్యుత్ పరికరాలున్న పెట్టెలోకి నీరు కారితే, బహిష్టు వేళ స్త్రీలు వాడే దూది చుట్టలను లోపల పెట్టి తడి పీల్పించారు. కాలేజీల తరగతిలోనే పోటీచేసి, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ జట్టును ఓడించారు. 2015లో ఈ కథ సినిమాగా కూడా వచ్చింది.

ఇటువంటి కథ వినగానే, "తెలివి వుంటే పేదరికం అడ్డుకాదు" అనే పెద్దమనుషులు బయలుదేరతారు. వీరు రెండు వేరు వేరు విషయాలను ఒకటిగా కలిపేస్తున్నారు. తెలివి ఏ ఒక్క వర్గపు సొత్తూ కాదని ఆ గెలుపు రుజువు చేసింది, నిజమే. కాని ఆ తెలివికి దారి తెరిచి వున్నదని మాత్రం రుజువు చేయలేదు. పందెంలో న్యాయనిర్ణేతలు యంత్రాన్ని చూశారు. బయటి ప్రపంచం కాగితాలు చూసింది. 2006లో అరిజోనా ఓటర్లు ఆమోదించిన 300వ ప్రతిపాదన, కాగితాలు లేని విద్యార్థులకు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో స్థానికుల ఫీజునూ, రాష్ట్ర ప్రభుత్వ సహాయాన్నీ నిరాకరించింది. స్థానిక ఫీజు విషయంలో ఓటర్లే 2022లో దాన్ని సడలించారు. ఈ మధ్య గడిచిన 16 ఏళ్లలో ఎందరి చదువు వయసు దాటిపోయివుంటుందో ఆలోచించండి! ఆ నలుగురిలో ఒకడు 2009లో ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్నాడు. పట్టా చేతిలో వున్నా, సక్రమంగా తిరిగి రావడం కోసం దేశం విడిచి మెక్సికో వెళ్లవలసి వచ్చింది.

చట్టాల దోషాన్ని పోటీల మీద రుద్దడమెందుకని కొందరు అడగవచ్చు. నేను పోటీని తప్పుపట్టడం లేదు. దాని ఫలితాన్ని వాడుకునే తీరును తప్పుపడుతున్నాను. గెలిచిన నలుగురిని చూపి, పనిముట్టు ముట్టుకునే అవకాశమే లేని వేలమందిని చేతగానివారనడం నీతి కాదు. ఆ నలుగురికి ఒక పనిగది వున్నది. బడి వేళలు దాటాక కూడా వారితో కూర్చున్న ఉపాధ్యాయులున్నారు. ఆ రెండూ లేని బడిలో అంతటి తెలివే వున్నా, మనకు తెలిసే మార్గమేది?

కనుక విద్యార్థులూ, ఉపాధ్యాయులూ తమ బడికి ఎన్ని కప్పులు వచ్చాయని లెక్కపెట్టుకునే ముందు, ఎందరు పిల్లల చేతికి పనిముట్లు అందాయో లెక్కించాలి. ఆ లెక్కను పాలకుల ముందు పెట్టి, అందనివారి తరఫున నిలదీయాలి.