సంశయానికి తేదీ వేస్తే

మునిమాపు వేళ దూరంగా పొలం గట్టు మీద ఏదో నిలబడి ఉంటుంది. పాతిన రాటా, మనిషా? తర్కం చెప్పే గురువులు వందల ఏళ్లుగా శిష్యుల ముందు పెడుతున్న ఉదాహరణ ఇది. పదిహేడో శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహంతోనే ఇప్పటికీ న్యాయశాస్త్రంలో అక్షరాభ్యాసం జరుగుతుంది. ఒకే వస్తువులో ఒకదానికొకటి పొసగని ధర్మాలు తోస్తే అది సంశయమని ఆయన నిర్ణయం. రాటను చూసి మనిషేనని తీర్మానించుకుంటే అది విపర్యయం. రెండూ అయథార్థ జ్ఞానాలే. కానీ సంశయంలో ఉన్నవాడు ఇంకా చూస్తూనే ఉంటాడు, విపర్యయంలో పడ్డవాడు చూడటం మానేస్తాడు.

స్కానింగ్ గదిలో తెర ముందు కూర్చున్న రేడియాలజిస్టుకు ఈ రాటా మనిషీ తరచూ ఎదురవుతుంటాయి. యాభై దాటినవాళ్ల కిడ్నీల్లో నీటితిత్తులు సర్వసాధారణం. పలచటి గోడ, లోపల నీరు మాత్రమే ఉంటే భయం లేదు. లోపల అడ్డుపొరలు, మందమెక్కిన గోడ, బొడిపె లాంటిది కనిపించినప్పుడే చిక్కు. న్యూయార్క్‌కు చెందిన మార్టన్ బోస్నియాక్ 1986లో ఈ తిత్తులను నాలుగు తరగతులుగా విడదీశాడు. ఒకటీ రెండూ నిరపాయం. నాలుగో తరగతిలో పదింట తొమ్మిది దాకా క్యాన్సరే. మూడో తరగతిలో దాదాపు సగం. 1993లో రెండుకీ మూడుకీ నడుమ ‘2ఎఫ్’ అనే మెట్టు చేరింది. ఎఫ్ అంటే ఫాలో-అప్. ఇప్పుడు కోయనక్కర్లేదు, అలాగని వదిలేయనూ కూడదు. ముందు ఆరు నెలలకు, తర్వాత ఏడాదికి, ఆపైన ఏటా ఒకసారి చొప్పున అయిదేళ్ల దాకా చూడాలి.

తెలియదనే స్థితికి ఒక పేరూ ఒక క్రమమూ ఇచ్చిన ఈ తరగతి తత్వశాస్త్రం చదివినవాళ్లకు ఆప్తంగా తోస్తుంది. గీత నాలుగో అధ్యాయం సంశయాన్ని మనిషిని చెరిపే దోషంగా చూసింది. గౌతముడి న్యాయసూత్రాలు మాత్రం పదహారు పదార్థాల్లో దానికి మూడో స్థానం ఇచ్చాయి. ప్రమాణం, ప్రమేయం, వెంటనే సంశయం. సందేహమే లేనిచోట విచారణ దేనికి? ఈ రెంటికీ నిజంగా వైరం ఉందని అనుకోనక్కర్లేదు. గీత మందలించింది కదలకుండా కూలబడిన సందేహాన్ని. న్యాయం పీట వేసింది అడుగు వేయించే సందేహానికి.

ఇక ఈ తిత్తులను చూసే కొత్త కన్ను సంగతి. కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్‌లో నరంలోకి ఎక్కించేవి వాయువు నింపిన అతిసూక్ష్మ బుడగలు. ఎర్రరక్తకణం కంటే చిన్నవి. అవి రక్తనాళాలు దాటి బయటికి పోవు. తిత్తి గోడలోనో అడ్డుపొరలోనో రక్తం పారుతుంటే అక్కడ మెరుస్తాయి. పని అయ్యాక ఆ వాయువు ఊపిరితో బయటికి వెళ్లిపోతుంది, కిడ్నీకి ఏ భారమూ పడదు. కిడ్నీలు అప్పటికే బలహీనపడినవాళ్లకు సీటీలో వాడే అయోడిన్ మందు గురించి డాక్టర్లు జంకుతారు. అలాంటివాళ్లకు ఇది పెద్ద ఊరట.

అయితే ఈ కన్ను మరీ చురుకు. సీటీకి ఏమీ కనిపించని పొరలో కూడా ఇది ఒక్కొక్క బుడగ కదలికను పట్టేస్తుంది. దాంతో సీటీ రెండో తరగతిలో పెట్టిన తిత్తి ఇక్కడ 2ఎఫ్‌కో మూడుకో ఎక్కవచ్చు. ఎక్కువ చూడటం వల్ల నిజం పెరిగిందా, భయం పెరిగిందా? బోస్నియాక్ గీతలు సీటీ చూపుకు గీసినవి. ఆ గీతలతో ఇంకో చూపును కొలిస్తే తేడా రాక తప్పదు. 2019లో ఆ వర్గీకరణను సవరించి గోడ 2 మిల్లీమీటర్లు లేదా అంతకు తక్కువైతే పలచన, 4 లేదా అంతకు ఎక్కువైతే మందం అని అంకెలతో బిగించారు, కానీ అది సీటీకీ ఎంఆర్ఐకీ మాత్రమే. బుడగల చూపుకు తగిన నియమాలను యూరప్ అల్ట్రాసౌండ్ సంఘాల సమాఖ్య 2020లో విడిగా ప్రతిపాదించింది. ఒకే తిత్తిని ఇద్దరు చదివితే ఒకటో తరగతి దగ్గరా నాలుగో తరగతి దగ్గరా ఇంచుమించు ఏకాభిప్రాయమే. భేదం వచ్చేదల్లా నడుమ మెట్ల దగ్గర. మనిషి భవిష్యత్తు తేలేదీ అక్కడే. మూడు అంటే ఆపరేషన్ మాట వస్తుంది, 2ఎఫ్ అంటే ఇంటికి పంపుతారు.

జ్ఞానం తనంతట తానే ప్రమాణమని మీమాంసకులు వాదించారు. బాధించే కారణం ఎదురయ్యేదాకా దాన్ని నమ్మాలన్నారు. నైయాయికులు ఒప్పుకోలేదు. దూరంగా కనిపించింది నీళ్లా ఎండమావా అన్నది దగ్గరికి వెళ్లి దాహం తీరినప్పుడే తేలుతుందన్నారు. కిడ్నీ తిత్తి విషయంలో గెలుపు వీళ్లదే. ఇద్దరు డాక్టర్లు ఒకే మాట అన్నంత మాత్రాన అది నిజం కాదు, ఇద్దరూ కలిసి పొరబడవచ్చు. తీసిన ముక్కను ప్రయోగశాలలో చూడాలి, లేదా ఏళ్ల తరబడి తిత్తి పెరగకుండా ఉండాలి. అంటే 2ఎఫ్ అన్న మాట రాసిన రోజున అసంపూర్ణం. రోగి తిరిగి వచ్చినప్పుడే దానికి నిజమయ్యే అవకాశం.

శబరి నది ఒడ్డున ఉన్న చింతూరు లాంటి చోట ఈ తర్కం కాళ్లతో నడవాల్సి వస్తుంది. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చిన ప్రాజెక్టు ముంపు మండలాల్లో ఇదొకటి. కోయలు, కొండరెడ్లు ఉండే మన్యం. 2016లో ఈ మండలాల్లో కాళ్ల వాపుతో గిరిజనులు చనిపోయారు. ఇలాంటి చోట ఒంట్లో నీరు చేరిందంటే ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. పెద్దాసుపత్రికి పోవాలంటే ఒకవైపు భద్రాచలం, ఇంకోవైపు మారేడుమిల్లి ఘాటు రోడ్డు దాటి రాజమహేంద్రవరం, కాకినాడ. ఒక రోజు కూలి పోతుంది, తోడు వచ్చినవాళ్లదీ పోతుంది. కొండగూడెం నుంచి వచ్చిన కోయ పెద్దాయనకు ‘ఏమీ లేదులే, ఆరు నెలల తర్వాత రా’ అంటే మొదటి సగమే చెవిన పడుతుంది. సంశయం చెప్పినవాడి దగ్గరే ఉండిపోయి, విన్నవాడికి నిశ్చయంగా మారిపోతుంది. అన్నంభట్టు విడదీసిన రెండు దోషాలూ ఒక్క వాక్యంలో ఇలా తారుమారైపోతాయి.

అందుకే స్కానింగ్ ఎంత నమ్మదగినదన్న లెక్కలో ఆసుపత్రికి వెళ్లే దారిని కూడా కలపాలి. చూపు ఎంత పదునైనదైనా మళ్లీ చూసే వీలు లేకపోతే 2ఎఫ్ కాగితం మీది అక్షరమే. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు శబరి ఎగపోటుతో ముంపు మండలాలకు రాకపోకలు తెగిపోయాయి. జనవరిలో స్కానింగ్ అయిన మనిషికి ఆరు నెలల గడువు సరిగ్గా ఆ జులైలోనే పడుతుంది. చీటీ మీద ‘ఆరు నెలలు’ అని కాకుండా ‘జూన్ మొదటి వారం’ అని రాసి, ఆ మాట ఆశా కార్యకర్త చేత కోయభాషలో చెప్పించాలి. అప్పటికి శబరి ఇంకా గట్టు దాటదు, చింతూరు నుంచి బస్సు తిరుగుతూనే ఉంటుంది.